చుట్టరాళ్ళ ఆఫీసు

బుల్లెమ్మ తన నిమ్మతోటలో నుయ్యి తవ్విస్తే నీళ్ళకన్నా ముందు రాళ్ళు పడ్డాయి. మామూలు రాళ్ళు కావు. పొట్టేలు కొమ్ములా మెలిక తిరిగి, వంటినిండా గాట్లు పడి, ఎవరో తీరుబడిగా కూర్చుని చెక్కినట్టుండే రాళ్ళు. వాటిలో నున్నటిదాన్ని ఏరి, కడిగి, ఆవకాయ జాడీ మూత మీద బరువుకి పెట్టుకుంది. మిగిలినవి పాక అరుగు కిందకి దొర్లించింది. మా కొయ్యలమెట్టలో వాటిని చుట్టరాళ్ళంటారు. అప్పటికి వాటి చరిత్ర అంతే.

తరవాత యూనివర్సిటీ నుంచి డాక్టర్ హేమనళిని వచ్చింది. సూదిమందు డాక్టరు కాదు, రాళ్ళ డాక్టరు. మంచినీళ్ళు అడగడానికి పాకలోకి వెళ్ళి, జాడీ మీదున్నదాన్ని చూసి నీళ్ళ సంగతే మరిచిపోయింది.

"పిన్నిగారూ, ఇది రాయి కాదండి. దీన్ని అమ్మోనైట్ అంటారు. ఒకప్పుడు ప్రాణమున్న జీవి గుల్ల ఇది."

"ఓలమ్మో! ఆవకాయ మీద పెట్టాను కదే! నీసు తగిలినట్టా?"

"అది చచ్చిపోయి పది కోట్ల ఏళ్ళు దాటిందండి."

"అయితే పరవాలేదులే," అంది బుల్లెమ్మ, మనసు కుదుటపడి.

హేమనళిని ఆ అరుగు మీదే కూర్చుని చెప్పింది. ఈ మెట్ట ఒకనాడు సముద్రం. ఇది ఆక్టోపస్‌కి చుట్టం, కాళ్ళు తలకే మొలుస్తాయి. గుల్ల నిండా గదులుంటాయి గాని, జీవి కాపరముండేది అన్నిటికన్నా ముందుగదిలోనే. ఒళ్ళు పెరిగి ఆ గది ఇరుకైతే గుల్ల మూతిని ముందుకి పెంచుకుని, తానూ ముందుకి జరిగి, వెనకాల గోడ కట్టేస్తుంది. అన్ని గదుల్లోంచీ సన్నటి గొట్టం ఒకటి వెళుతుంది. దాంతో ఖాళీ గదుల్లో నీరు తోడేస్తే అక్కడ గాలి చేరుతుంది. అలా నీళ్ళలో తేలుతూ బతికింది. రాకాసి బల్లులతో పాటు ఈ జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. దూరపు చుట్టం నాటిలస్ మాత్రం లోతు సముద్రాల్లో ఇప్పటికీ ఉంది.

"ఇన్ని పోయి అదొక్కటీ ఎలాగ మిగిలిందమ్మా?"

"ఆ ముక్క తెలుసుకోవాలనేనండి నా చదువంతా."

ఆ చదువు పుణ్యమా అని సర్కారువారు బుల్లెమ్మ తోట పక్క పోరంబోకులో రాష్ట్ర శీర్షపాద శిలాజ అధ్యయన కేంద్రం పెట్టారు. ఒక గది, మరుగుదొడ్డి, బోర్డు. బోర్డు గదికన్నా వెడల్పు. పేరు నోరు తిరక్క మావాళ్ళు చుట్టరాళ్ళ ఆఫీసన్నారు. అరుగు కింది రాళ్ళన్నీ బీరువాల్లోకి వెళ్ళాయి. జాడీ మీది రాయిని మాత్రం బుల్లెమ్మ ఇవ్వలేదు. "ఆవకాయ బూజు పడితే మీ సర్కారు పెడతదా?" అంది.

డైరెక్టరుగా ప్రభంజనరావు గారు వచ్చారు. అంతకుముందు చక్కెర శాఖ, దానికి ముందు జైళ్ళ శాఖ. "పరిపాలకుడికి పంచదారైనా, ఖైదీ అయినా, రాయైనా ఒకటే" అని చేరిన రోజే చెప్పారు. మొదటి ఏడు ఆ మాట ప్రకారమే రాయిలా కూర్చున్నారు. ఎవరికీ ఇబ్బంది లేదు. రెండో ఏడు ఆయన్ని దూరదేశం శిక్షణకి పంపారు. అక్కడ గాజుతొట్టెలో ప్రాణంతో ఉన్న నాటిలస్‌ని ఆయన చూశారు. అదీ ఆయన్ని చూసింది. ఏమనుకున్నారో మనకి తెలీదు. తిరిగొచ్చిన మర్నాడే షామియానా వేయించి, ఊరందరికీ లడ్డూలు పంచి, మైకు పట్టుకున్నారు.

"సోదర సోదరీమణులారా! కార్యాలయాలు ఎందుకు కుళ్ళుతున్నాయి? వెనక్కి చూడడం వల్ల! నాటిలస్ వెనక్కి చూడదు. గది మూసిందంటే మూసిందే. కోట్ల సంవత్సరాలు నిలిచిన ఏకైక కార్యాలయం అది! నేటి నుండి ఈ కేంద్రం జీవి మార్గంలో నడుచును."

ఉత్తర్వు చదివారు. సర్వ విషయములందునూ జీవిని అనుసరించవలెను. జీవి చేయనిది కేంద్రము చేయరాదు. జీవి చేయునది కేంద్రము చేయక మానరాదు. సిబ్బందిలో ఎవరికి ప్రమోషన్ వచ్చినా కేంద్రము పెరిగినట్లే భావించి, వారం తిరిగేలోగా వెనుక గోడ కట్టవలెను; పిదప ముందుకు మరింత పెద్ద గది ప్రారంభించవలెను.

జనం చప్పట్లు కొట్టారు. లడ్డూలు బావున్నాయి.

మొదట టైపిస్టుకి ప్రమోషన్ వచ్చింది. ముందు పెద్ద గది లేచింది, వెనక గదికి గోడ పడింది. మరుగుదొడ్డి వెనకే ఉండిపోయింది. బీరువాలూ వెనకే ఉండిపోయాయి.

"సార్, శిలాజాలన్నీ లోపలే ఉన్నాయి," అంది హేమనళిని. "ఈ కేంద్రం పెట్టింది వాటిని చదవడానికే కదండి."

"అమ్మా, నాటిలస్ ఏనాడైనా వెనక గదిలోకి వెళ్ళి వెతుక్కుందా?"

"లేదండి."

"మరి మీరెందుకు వెతుక్కుంటారు? ముందుకు చదవండి!"

మరుగుదొడ్డి విషయం ఆమె ఎత్తలేదు. సాయంత్రానికి అదే తేలింది. సర్కారు సిబ్బంది అంతా చెంబులు పుచ్చుకుని, ఎవరి హోదా ప్రకారం వారు, బుల్లెమ్మ నిమ్మతోట వైపు నడిచారు. డైరెక్టరుగారి చెంబు ఇత్తడిది.

"బాబుగారూ, ఆ చివరి వరసలోకెళ్ళండి," అని కేకేసింది బుల్లెమ్మ. "ఈ వరస కోతకొచ్చింది!"

తరవాత గొట్టం. అన్ని గదుల్లోంచీ సిమెంటు గొట్టం వేయించి, నీరు తోడడానికి మోటారు బిగించారు. తీరా చూస్తే తోడడానికి మూసిన గదుల్లో నీళ్ళు లేవు. జీవి తోడునప్పుడు కేంద్రం తోడక మానరాదు కదా. కనుక బుల్లెమ్మ నూతిలోంచి నీళ్ళు తెచ్చి గొట్టంలో పోసి, పోసినవి తోడడం మొదలుపెట్టారు. తోడిన నీళ్ళు వీధిపాలు. వార్షిక నివేదికలో "కేంద్రము తేలియాడు స్థితికి చేరువలో ఉన్నది" అని రాశారు.

మూడో గోడ కట్టిన మధ్యాహ్నం అటెండరు గవర్రాజు వెనక గదిలో బల్లమీద నిద్రపోతున్నాడు. పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉండగా గోడ లేచింది. గొట్టంలోంచి నీళ్ళు మొహాన పడ్డాక మెలకువొచ్చింది.

"అయ్యబాబోయ్! నేనున్నానండీ! గవర్రాజునండీ!" అని గొట్టంలోంచి కేక.

డైరెక్టరుగారు గొట్టానికి చెవి పెట్టి విన్నారు. "వెనక గదిలో వాయువు తప్ప ఇంకేమీ ఉండడానికి వీల్లేదు."

"సార్, అది గవర్రాజు గొంతండి!" అంది హేమనళిని.

"గొంతు వేరు, ఉత్తర్వు వేరు. ఏ నాటిలస్ అయినా కట్టిన గోడ పగలగొట్టిందా?"

గవర్రాజు కాసేపు అరిచి, ఉత్తర్వు లోతు గ్రహించినవాడై, బల్లమీద కుర్చీ వేసుకుని పైకప్పు రేకు ఎత్తి దూకేశాడు. హాజరుపట్టీలో ఆ పూట "స్వల్పముగా వాయువు వెలువడినది" అని నమోదైంది. అప్పట్నుంచి వాడు రోజూ భోజనమయ్యాక రేకెత్తి లోపలికి దిగి నిద్రపోయేవాడు. ఎవరూ వెతకడానికి రాని చోటు సర్కారు ఉద్యోగంలో అంత తేలిగ్గా దొరకదు.

గది తరవాత గది, ప్రతిదీ పాతదానికన్నా పెద్దది. ఆఫీసు వంపు తిరుగుతూ పెరిగి పంచాయతీ ప్రెసిడెంటు వీరభద్రం పామాయిల్ తోట గట్టుకొచ్చింది. మరునాడు ప్రెసిడెంటు మేకపోతుతో సహా వచ్చి డైరెక్టరుగారితో గది తలుపేసుకుని మాట్లాడాడు. తలుపు తీశాక మేకపోతు లోపలే ఉండిపోయింది. డైరెక్టరుగారు హేమనళినిని పిలిపించారు.

"ఏమమ్మా, అమ్మోనైట్లన్నీ గుండ్రంగానే చుట్టుకుంటాయా? చుట్ట విడిపోయి అటూ ఇటూ వంకర తిరిగినవేమైనా...?"

"ఉన్నాయండి. కొన్ని జాతులు కొక్కెంలా ఒంగుతాయి. కొన్ని తిన్నగా కర్రలా పెరుగుతాయి."

"భేష్! శాస్త్రంలో ఉన్న వెసులుబాటు పరిపాలనలో ఉండొద్దా?"

ఆఫీసు కొక్కెంలా ఒంగి పామాయిల్ తోట తప్పించుకుంది. ఒంగినది తిన్నగా నిమ్మతోట వైపు తిరిగింది. బుల్లెమ్మకి నోటీసు వచ్చింది. తదుపరి గదికి ఆమె నుయ్యి, దాని చుట్టూ ఉన్న చెట్లు అవసరమగుచున్నవి. ఆ నుయ్యి పూడిపోతే తోటకి నీళ్ళు లేవు. ఆ తోట తప్ప బుల్లెమ్మకి వేరే దిక్కు లేదు. మొగుడు పోయాక ప్రతి మొక్కకీ కడవతో నీళ్ళు మోసి బతికించుకున్న తోట అది.

నోటీసు పట్టుకుని వెళ్ళింది. "బాబుగారూ, ప్రెసిడెంటు గారికి ఒంగారు కదా. నాకూ కాస్త ఒంగండి."

"ఒకసారి ఒంగిన జీవి మళ్ళీ ఒంగినట్టు దాఖలా లేదమ్మా."

"మీకు పెట్టిన ఆవకాయకైనా కనికరం లేదా?"

"ఆవకాయ వ్యక్తిగతం. వృద్ధి ప్రభుత్వపరం," అన్నారు ప్రభంజనరావు గారు, బాధగానే. ఆయన చెడ్డవాడు కాదు. ఉత్తర్వు ఆయనదే, అయినా దానికి భయపడేవాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. హేమనళినికి అప్పటికి రెండుసార్లు ప్రమోషన్ వచ్చింది. రెండుసార్లూ వద్దని రాసిచ్చేసింది. ఈవిడకి మతి చలించిందని ఆఫీసులో అనుకున్నారు. తనకి ప్రమోషన్ వస్తే గది పెరుగుతుంది, గది పెరిగితే నుయ్యి పోతుంది. ఆ లెక్క బుల్లెమ్మకి ఆలస్యంగా అర్థమైంది. అర్థమైన సాయంత్రం ఆమెని పిలిచి వేడన్నంలో ఆవకాయ కలిపి ముద్దలు పెట్టింది.

"ఎన్నాళ్ళని ఆపుతావే నువ్వు? డైరెట్రుకే వస్తందంట పెద్ద ప్రమోషను. ఇంకేం ఆగుద్ది?" అని జాడీ మీది రాయిని చేతిలోకి తీసుకుంది. "అదిగాదమ్మా, ఇది చచ్చేదాకా ఇలాగ పెరుగుతానే ఉంటదా?"

"లేదండి. ఈడొచ్చాక ఆగిపోతుంది."

బుల్లెమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఈడొచ్చిందని ఎలాగ తెలుస్తది?"

"ఆఖరి గోడలు దగ్గర దగ్గరగా పడతాయండి. అంతవరకూ ఎడంగా కట్టుకుంటూ వచ్చింది కాస్తా చివర్లో ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు కట్టేస్తుంది. గుల్ల మూతి మందంగా అవుతుంది. నాటిలస్‌కైతే మూతి చుట్టూ నల్లటి పట్టీ కూడా వస్తుంది. ఇవి కనిపిస్తే ఇంక పెరగదని..."

చెబుతున్న మనిషి ఆగిపోయింది. వింటున్న మనిషి నవ్వడం మొదలెట్టింది.

"గోడ వారంలోగా కట్టాలి. మరి గది?"

"గదికి గడువు లేదండి. కాంట్రాక్టరు దయ."

"ఆడదా మగదా ఇది?" అని రాయిని తిప్పి చూసింది బుల్లెమ్మ.

"అమ్మోనైట్లలో పెద్ద గుల్ల ఆడదని, చిన్నది మగదని అనుకుంటామండి. చాలాకాలం మా శాస్త్రజ్ఞులే ఆ రెంటికీ వేరువేరు జాతులని పేర్లు పెట్టేశారు, ఆలుమగలని తెలీక."

"మీ ఆఫీసు చిన్నదా పెద్దదా?"

"చాలా పెద్దదండి."

"అయితే మన పిల్లే," అంది బుల్లెమ్మ. "నువ్వు ప్రమోషను పుచ్చుకో నళినమ్మా. ఆలోచించకు."

డైరెక్టరుగారు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఉత్తర్వు ప్రకారం ఆయన వెనకాల గోడ లేచింది. తాపీవాళ్ళు ఇంకా చేతులు కడుక్కోకముందే హేమనళిని ప్రమోషన్‌కి సమ్మతి రాసిచ్చింది. ముందు గదికి పునాది కూడా పడలేదు. అయినా గోడ ఆగకూడదు కదా. కుర్చీలన్నీ మూరెడు ముందుకి జరిపి మరో గోడ కట్టారు. దాని సున్నం ఆరకముందే గవర్రాజు రికార్డు అసిస్టెంట్ అయ్యాడు. ఆ ప్రమోషన్ కాయితం ఎప్పుడో వచ్చి వాడి తలకింద దిండులో ఉందట. హేమనళిని గొట్టంలోంచి అరిచి వాణ్ణి లేపి సంతకం పెట్టించింది.

ఆ వరసలో మూడోదైన ఈ గోడ మూరెడు కూడా ఎడం లేకుండా లేచింది.

"ఇదేమిటమ్మా, వీపుకి సిమెంటు అంటుకుంటోంది!" అన్నారు డైరెక్టర్ జనరల్ గారు, బల్లకీ గోడకీ మధ్య ఇరుక్కుని.

"పెరుగుతున్నామండి," అంది హేమనళిని.

ఆ వారమే రాజధాని నుంచి ప్రత్యేక కార్యదర్శి పరాంకుశం గారు తనిఖీకి వస్తున్నారని కబురు. ఆఫీసు గుమ్మానికి చెదలు పడుతున్నాయని బుల్లెమ్మ ముందురోజు ఒక డబ్బా తారు తీసుకెళ్ళి గుమ్మం చుట్టూ జానెడు వెడల్పున మందంగా పూసిచ్చింది. మా మెట్టలో వాసాలకి చెదలు పట్టకుండా పూస్తాం. డైరెక్టర్ జనరల్ గారు ఆమెకి కృతజ్ఞతలు కూడా చెప్పారు. భూమి ఇవ్వాల్సిన రైతు ఇంత సహకరించడం తన సర్వీసులో చూడలేదన్నారు.

పరాంకుశం గారి జీపు మలుపు తిరిగేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా పట్టుచీరల్లో బారుగా వస్తున్నారు. ముందు బుల్లెమ్మ. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నువ్వులు బెల్లం దంచి చేసిన చిమ్మిలి ఉండలు. వెనకాల పసుపు, కుంకం, మల్లెపూల దండలు, ఆరతి పళ్ళెం, మేళం. వచ్చినవాళ్ళు గుమ్మానికి అటూ ఇటూ కొత్తచీర కట్టి, పసుపు రాసి, పూలదండ వేసి, పాట ఎత్తుకున్నారు. ఈడొచ్చిన పిల్లని కూర్చోబెట్టి పాడే పాట.

"ఏమిటిది?" అన్నారు పరాంకుశం గారు జీపు దిగుతూ.

"మీ ఆఫీసు పెద్దమనిషయిందండి బాబూ!" అంది బుల్లెమ్మ. "శుభమా అని సమయానికొచ్చారు. నోరు తియ్యండి." అని చిమ్మిలి ఉండ పెట్టేసింది. ఆయన నోరు తెరిచింది ప్రశ్న అడగడానికి. మూసేసరికి లోపల చిమ్మిలి ఉంది.

"అసంభవం!" అన్నారు ప్రభంజనరావు గారు, గోడల మధ్యలోంచి పక్కవాటుగా బయటికొస్తూ.

హేమనళిని అప్పుడు ముందుకొచ్చి కార్యాలయ భాషలో మాట్లాడింది. ఆ భాష ఆమెకి వచ్చునని అంతవరకూ ఎవరికీ తెలీదు.

"పరిశీలనార్థం సమర్పించడమైనది. చివరి మూడు గోడల నడుమ ఎడము కుదించుకొని ఉన్నది. ముఖద్వారమున మందమైన నల్లని పట్టీ ఏర్పడినది. ఇవి జీవి పూర్ణ వయస్సు పొందిన లక్షణములు. పూర్ణ వయస్సు పొందిన జీవి పెరగదు. జీవి చేయనిది కేంద్రము చేయరాదు."

"ఆ ఉత్తర్వు ఎవరిది?" అన్నారు పరాంకుశం గారు.

"నాదేనండి," అన్నారు ప్రభంజనరావు గారు, గొంతు తగ్గించి.

పరాంకుశం గారు గోడలు కొలిపించారు. తారు గోకి చూశారు. పాట వినిపిస్తోంది, మేళం మోగుతోంది, నోట్లో చిమ్మిలి ఇంకా కరుగుతోంది. ఊరంతా చూస్తుండగా చిమ్మిలి తిన్న మనిషి పిల్లకి ఈడు రాలేదని ఎలా అంటాడు? మేమెవరమూ ఏ ఊళ్ళోనూ అలాంటిది వినలేదు.

"వృద్ధి నిలిపివేయడమైనది," అని అక్కడికక్కడే రాశారు. నూతి నోటీసు రద్దయింది. బుల్లెమ్మ పమిట నోట్లో కుక్కుకుని, తోటలోకి పరిగెత్తి, నూతిగట్టు మీద కూలబడి, ఒంటరిగా, కడుపారా ఏడ్చింది. తరవాత చేద వేసి ఒక చేదెడు నీళ్ళు తోడి నెత్తిన పోసుకుని, తడిచీరతోనే తిరిగొచ్చి ఆరతి పట్టింది.

అక్కడితో అయిపోవలసింది. కాని పరాంకుశం గారు క్షుణ్ణంగా చూసే మనిషి.

"పూర్ణ వయస్సు వచ్చిన తరువాత జీవి ఏం చేయును?"

హేమనళిని తడబడింది. "జత కడుతుందండి."

ప్రభంజనరావు గారి మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది. "జీవి చేయునది కేంద్రము చేయక మానరాదు!"

ఉత్తర్వులు వచ్చాయి. శీర్షపాద కేంద్రమునకు తగిన మగ కేంద్రము ఒకటి స్థాపించవలెను. శాస్త్రానుసారము అది పరిమాణమున చిన్నదై, మూతికి ఇరువైపులా చెవులవంటి రెండు పొడుగాటి వసారాలు కలదై ఉండవలెను. వధువు కేంద్రమునకు ఎదురుగా ఉండవలెను.

ఎదురుగా ఉన్నది ప్రెసిడెంటు వీరభద్రం పామాయిల్ తోట. ఈసారి ఒంగడానికి వీల్లేదన్నారు, పెళ్ళికొడుకు వంకరగా ఉంటే బావుండదని. మేకపోతు వెళ్ళింది, పొట్టేలు వెళ్ళింది, అన్నీ లోపలే ఉండిపోయాయి. అబ్బాయి ఆఫీసుకి మొదటి గది లేచింది, చెవులు లేచాయి, రెండో గదికి పామాయిల్ చెట్లు కూలడం మొదలైంది.

మా హేమనళిని ఇవేమీ పట్టించుకోలేదు. గవర్రాజు మధ్యాహ్నం నిద్ర బీరువాలున్న మొదటి గదిలోకి మార్చుకుని, దిగినప్పుడల్లా రేకు సందులోంచి ఒక్కో చుట్టరాయి పైకి అందిస్తున్నాడు. ఆమె వాటిని బుల్లెమ్మ అరుగు మీద పరుచుకుని, ఇన్నాళ్ళకి, చదవడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున ప్రెసిడెంటు తువ్వాలు నడుముకి కట్టుకుని నూతిగట్టు దగ్గరకొచ్చాడు. అంతకుముందెప్పుడూ అలా రాలేదు.

"అక్కా, సగం తోట పోయిందే. నువ్వు చేసినట్టే నాకూ ఒక ఉపాయం చెప్పు. దానికి కూడా ఈడొచ్చిందని చెప్పి ఆపించెయ్యి. గోడలు దగ్గరగా నేనే కట్టిస్తా, తారు నేనే పూయిస్తా. మేళం కూడా నాదే."

బుల్లెమ్మ చేద నూతిలోకి వదిలి, తాడు జారనిస్తూ, ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. మనిషి మీద జాలి కలిగింది కూడా.

"గోడలు కట్టించొచ్చు తమ్ముడూ, తారు పూయించొచ్చు. కాని ఊరందరినీ పిలిచి నేనేం చెప్పను? చిమ్మిలి ఎవరికని పెట్టను?" అంది. "మగపిల్లోడికి ఈడొచ్చిందని ఏ ఊళ్ళో మేళం పెట్టారయ్యా?"